ఆపిల్ సీనులో మూడో చప్పుడు

రెండరు మళ్లీ అదే చోట ఆగింది.

కొత్త కాపీ ఎంతవరకు తయారైందో చూపించే నీలం గీత చివరి దాకా పాకి, ఇంక ఇంతే మిగిలిందనగా కదలడం మానేసింది. కంప్యూటర్ లోపల ఫ్యాను మాత్రం రొదపెడుతూనే ఉంది. ఇంకెప్పుడైనా అయితే నెవెంక ఆ పెట్టెనీ, దాన్ని అంటగట్టినవాణ్ణీ, వాడి వంశాన్నీ కలిపి తిట్టిపోసేది. ఈసారి "హమ్మయ్య" అనుకుంది. అనుకున్న మరుక్షణం తనని చూసి తనకే భయం వేసింది.

సాయంత్రం ఇన్‌స్పెక్టర్ లాజిచ్ వస్తాడు. పెళ్లి తీసిన అసలు టేపు పట్టుకెళ్లి సీలు వేస్తాడు. ఆమె పోలీసులకి ఇచ్చిన కాపీ ఆ టేపుకి ముమ్మూర్తులా సరిపోతుందని ఒక సంతకం పెట్టించుకుంటాడు. సరిపోదని ఈ లోకంలో ఇప్పటికి ఒక్క నెవెంకకే తెలుసు. తెలిసి ఎంతో సేపు కాలేదు కూడా.

స్టూడియో అంటే ఏదో అనుకునేరు. మోరావ నది ఒడ్డున మా చిన్న పట్నంలో, మందుల షాపు పైన ఒక గది, దాని వెనక ఇద్దరు నిలబడితే మూడోవాడు బయట ఉండాల్సిన వంటగది, అంతే. కానీ చుట్టుపక్కల ఊళ్లలో ఏ పెళ్లయినా, బాప్తిజమైనా, కొడుకుని పటాలానికి పంపే విందైనా కెమెరా నెవెంకదే. ముప్ఫై దాటినా పెళ్లి చేసుకోలేదు. ఇన్ని పెళ్లిళ్లు తీశాక ఆ ముచ్చట తీరిపోయిందని నవ్వేసేది.

పెళ్లి వీడియోలో మావాళ్లకి పెళ్లికూతురి ఏడుపుకన్నా, చర్చిలో మంత్రాలకన్నా ముఖ్యమైంది ఆపిల్ సీను. మా పక్క పెళ్లికొడుకు తిన్నగా వచ్చి పిల్లని తీసుకుపోతానంటే కుదరదు. పిల్ల తరపువాళ్లు వాళ్ల వాకిట్లో అన్నిటికన్నా ఎత్తైన చెట్టుకి పొడుగాటి వాసం కట్టి, దాని కొసన ఆపిల్ గుచ్చుతారు. తుపాకీతో దాన్ని రాల్చితేనే తలుపు తెరుస్తారు. రాల్చలేనివాడు మేనమామల వెక్కిరింతలు వింటూ వాకిట్లో నిలబడాల్సిందే. అందుకని ఆ ముక్కని ప్రతివాళ్లూ బాగా నెమ్మదిగా నడిపించి, దానికింద పాట పెట్టించుకుంటారు. ఆపిల్ ముక్కలై రాలుతుంటే ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చుని చప్పట్లు కొడతారు. ఏం పిచ్చో, ఏం చెప్పను.

ఆ నెమ్మదిగా నడిపించడంలోనే చిక్కంతా. ఆ రోజుల్లో టేపు కెమెరాలు బొమ్మని ఒక్కసారిగా తీసేవి కావు. ముందు గీత విడిచి గీతగా సగం బొమ్మ, రెప్పపాటులో మిగిలిన గీతల్లో రెండో సగం తీసేవి. పాతకాలం డబ్బా టీవీ వాటిని అదే వరసలో ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తుంది కాబట్టి ఎవరికీ ఏ తేడా తెలియదు. కంప్యూటర్ రెండు సగాల్నీ ఒకేసారి చూపిస్తుంది. దాంతో కదిలే ప్రతి వస్తువుకీ అంచుల్లో దువ్వెన పళ్లు మొలుస్తాయి. నెమ్మదిగా నడిపిస్తే ఆ పళ్లు మరీ అసహ్యంగా కనబడతాయి. నెవెంక కనిపెట్టిన మందు ఒకటే: ఒక సగం పారేయడం. ఉన్న సగాన్నే సాగదీస్తే బొమ్మ కొంచెం మసకబారుతుంది కానీ నున్నగా ఉంటుంది. పోయిన సగం కోసం ఎవరూ వచ్చి అడగలేదు, ఆ రోజు దాకా.

గ్రాబొవిక ఊళ్లో మిలోయె పెళ్లి. ఆ పెళ్లికి చౌష్‌గా వెళ్లింది నెవెంక తమ్ముడు రాదోష్. చౌష్ అంటే పెళ్లిలో అందర్నీ నవ్వించేవాడు. మెళ్లో ఎండుమిరపకాయల దండ, నెత్తిన పిట్ట ఈకల టోపీ, చేతిలో రకియా సారా సీసా, నడుముకి పిస్తోలు. రాదోష్ అంటే జనానికి ప్రాణం. వాడు లేని పెళ్లి ఉప్పులేని కూర. మిలోయె ఆపిల్‌కి గురిపెట్టి నిలబడితే, రాదోష్ ఇంకో పిస్తోలు తెచ్చి బ్యాండులో ట్రంపెట్ ఊదే ఫెయాత్ చేతిలో పెట్టాడు. "ఎప్పుడూ అదేనా, కాస్త ఇదీ ఊదు!" అన్నాడు. వాకిలంతా గొల్లుమంది. ఫెయాత్ దక్షిణాది జిప్సీ, నలుగురూ నవ్వితే తనూ నవ్వి, చెయ్యి పైకెత్తి కాల్చాడు. అప్పటికే మిలోయె కాల్చాడు, ఆపిల్ రాలింది. మేడమీద వసారాలో నిలబడి గోధుమలూ మిఠాయిలూ చల్లుతున్న పెళ్లికూతురి పిన్ని స్తోయాంక కూడా కుప్పకూలింది.

ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. ఆమె ఫోటోతో ఉన్న నల్లంచు చావుకబురు కాగితం ఇప్పటికీ మందుల షాపు తలుపు మీద అంటించి ఉంది. నెవెంక రోజూ దాని ముందు నుంచే మెట్లెక్కుతుంది.

పోలీసులొచ్చేసరికి ఆ పెళ్లిలో ఒక్క తుపాకీ లేదు. ఏ పొదలోకి పోయాయో, ఏ నూతిలోకి పోయాయో ఆ దేవుడికే తెలియాలి. మిగిలింది ఫెయాత్ చేతిలోది ఒక్కటే. పాపం, దాన్ని మాయం చెయ్యాలని అతనికి చెప్పినవాళ్లెవరూ లేరు. తూటా స్తోయాంకని దూసుకుపోయి ఎటు పోయిందో, దొరకలేదు. నూటయాభై మంది చుట్టాలు ఒకే మాట చెప్పారు: ఆపిల్‌ని కొట్టింది మిలోయె, ఇంకోటి పేల్చింది ట్రంపెట్‌వాడు, అంతే. మూడో చప్పుడా? అది డప్పు. రాదోష్ కూడా అదే రాసిచ్చాడు, తన పిస్తోలు దారిలోనే ఖాళీ అయిపోయిందని.

టేపు చూస్తానని లాజిచ్ వచ్చినప్పుడు కంప్యూటర్ తెర చూసి మొహం చిట్లించాడు. "ఈ గీతలేంటమ్మా, దువ్వెన సందుల్లోంచి చూస్తున్నట్టుంది! జడ్జిగారికి ఇలా ఇస్తే నన్ను చీల్చేస్తారు. శుభ్రం చేసి, మెల్లగా నడిచేలా ఇవ్వు," అన్నాడు. నెవెంక ఇన్నేళ్లుగా ఏ ఆపిల్ సీనుకి ఏం చేసిందో దీనికీ అదే చేసింది. ఒక సగం పారేసింది. మిగిలిన సగంలో రెండే మెరుపులు కనిపించాయి: మిలోయెది, ఫెయాత్‌ది. ఫెయాత్ చెయ్యి మసక మసకగా వసారా వైపు తిరిగినట్టే ఉంది. రాదోష్ నవ్వుతున్నాడు, వాడి చేతిలో ఏ మెరుపూ లేదు. ఆ రాత్రి నెవెంక కడుపునిండా తిని హాయిగా నిద్రపోయింది.

ఇవాళ పొద్దున ఫెయాత్ భార్య సెవ్దా వచ్చింది. బస్సు దిగి తిన్నగా వచ్చినట్టుంది, తలగుడ్డ మీద ఇంకా దారి దుమ్ముంది. ఏడ్చి రాద్ధాంతం చేస్తుందని నెవెంక భయపడింది. ఆ మనిషి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"నేనేం గొడవ చేయనమ్మా. జైల్లో చూడనివ్వట్లేదు. నీ టేపులో ఉన్నాడంటగా, ఒక్కసారి మొహం చూపించు, పోతాను."

కాదని ఎలా అంటుంది? కుర్చీ వేసి, టేపులోంచి కంప్యూటర్‌లోకి మొదట ఎక్కించిన ముక్కనే నడిపించింది. ఫెయాత్ బుగ్గలు పొంగించి ఊదుతున్నాడు. సెవ్దా తెర మీద వేలు పెట్టింది.

"చూశావా, నవ్వుతున్నాడు. మా పెళ్లిలో కూడా ఇట్లాగే నవ్వాడు, వెధవ. పన్ను ఒకటి ఊడింది అప్పటికే. ఇదిగో, ఈ చొక్కా నేను ఇస్త్రీ చేసిందే."

నెవెంక ఆమె మొహం వైపు చూడలేక కళ్లు కిందికి దించింది. కింద, బొమ్మల వరస అడుగున, శబ్దం గీతగా పడి ఉంది. డప్పు దెబ్బ పడినచోటల్లా ఆ గీత లావుగా గుమ్మడిపండులా ఉబ్బుతుంది. పిస్తోలు చప్పుడైతే సూదిలా లేస్తుంది. ఇన్ని పెళ్లిళ్లు కోసి కుట్టినదానికి ఆ తేడా తెలియకపోవడమేంటి! ఒక సూది. పక్కనే ఇంకో సూది. దాన్ని ఆనుకుని, దాదాపు అతుక్కుపోయినట్టు, మూడో సూది.

సెవ్దా లేచి, ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. "నీ కడుపు చల్లగా ఉండాలి తల్లీ. మనిషిని చూపించావు." మెట్లు దిగుతున్న ఆమె చెప్పుల చప్పుడు పూర్తిగా పోయేదాకా నెవెంక కుర్చీలోంచి కదల్లేదు.

మూడు చప్పుళ్లు, రెండు మెరుపులు. మరి మూడోదేదీ? ఆ ప్రశ్నకి జవాబు తెలిసిన మనిషి ఊళ్లో ఆమె ఒక్కతే. మెరుపు రెప్పపాటు కూడా ఉండదు. ఒక్క సగంలోనే పడుతుంది. పడింది ఆమె పారేసిన సగంలో అయితే?

చూడకుండా ఉండొచ్చు. సంతకం పెట్టి టేపు ఇచ్చేస్తే అది ఏదో బీరువాలో పడి ఉంటుంది, ఎవడూ ముట్టుకోడు. కాఫీ కాచుకుంది. తాగలేకపోయింది. కిటికీ తెరిచి మూసింది. ఎక్కడికో పారిపోవాలనిపించింది కానీ ఎక్కడికని? చివరికి కూర్చుని, రెండు సగాలూ కనిపించేలా పెట్టి, మూడో సూది పైకి బొమ్మని ఒక్కొక్కటిగా జరిపింది.

రాదోష్‌కి రెండు చేతులు మొలిచాయి. ఒక సగంలో కుడిచెయ్యి ఆకాశంలోకి ఉంది. రెండో సగంలో అదే చెయ్యి భుజం ఎత్తుకి దిగి ఉంది. దిగిన చేతి కొసన, గీత విడిచి గీతగా, తెల్లటి మెరుపు. పిస్తోలు తిన్నగా మేడమీద వసారాకేసి చూస్తోంది. ఫెయాత్ చెయ్యి, మసక పోయాక, నిటారుగా పైకే ఉంది. దేవుడా! నెవెంక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అరిస్తే కింద మందుల షాపులో వినిపిస్తుందని భయం.

ఇంత పెద్ద సంగతిని ఆమె ఏం చెయ్యాలి? ఏమీ తోచక చేతికి అలవాటైన పని చేసింది. రెండు సగాల్నీ విడదీసి, వరసగా పేర్చి, కొత్త కాపీ తయారుచెయ్యమని మెషీన్‌కి చెప్పింది. మొదటిసారి ముందూ వెనకా తారుమారైంది. పెళ్లివాళ్లంతా ఒక అడుగు ముందుకీ ఒక అడుగు వెనక్కీ గెంతుతూ దయ్యాల్లా ఆడారు. ఆ వరస సరిచేసింది. అప్పుడు రెండరు ఆగింది. మళ్లీ పెట్టింది, మళ్లీ ఆగింది, అదే చోట. పాత కాపీ తాలూకు చెత్త ఫైలు ఒకటి మెషీన్‌లో ఇరుక్కుంటే ఇలాగే అవుతుంది. దాన్ని చెరిపేస్తే పోతుంది, చిటికెలో పని. నెవెంకకి ఆ మందు తెలుసు. చెయ్యలేదు. చెయ్యకుండా ఆగిపోయిన నీలం గీతని చూస్తూ కూర్చుంది.

మెట్ల మీద అడుగులు వినిపించాయి. రెండేసి మెట్లు దాటుకుంటూ ఎక్కే ఆ అడుగులు ఎవరివో ఆమెకి చిన్నప్పట్నుంచీ తెలుసు.

"అక్కో! బ్రతికున్నావా?" రాదోష్ నూనె కారుతున్న పొట్లం ఒకటి బల్ల మీద పడేశాడు. "బురెక్ తెచ్చా, జున్నుది. వేడిగా ఉంది తిను. ఇన్‌స్పెక్టర్ వస్తాడన్నావుగా, ఎన్నింటికి? సంతకం పెట్టేస్తే అయిపోతుంది కదా? ఇంక వాళ్లు రారు కదా?"

మనిషి తలుపుకి అడ్డం పడేంత ఉంటాడు. టైర్ల షాపులో లారీ చక్రాన్ని ఒక్కడే ఎత్తుతాడు. ఆ మనిషి గదిలో ఖాళీగా ఉన్న ఒక్క కుర్చీ చుట్టూ తిరుగుతున్నాడు, కూర్చోడు.

"రాదోష్, ఇలా రా."

"ఏంటి?"

"రమ్మంటున్నానా!"

తెరని అతని వైపు తిప్పింది. అతను ముందు నవ్వబోయాడు. తర్వాత వంగి చూశాడు. మొహంలో రక్తం పోయింది.

"ఈ గీతలేంటే? ఇది... ఇది నీ మెషీన్ చేసిన గొడవ కదా? నువ్వే అంటావుగా, అన్నీ గీతలొస్తాయని."

"మెషీన్ లేనిది చూపించదు రా. ఉన్నది దాస్తుంది, అంతే."

అతను బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?" అంది నెవెంక.

"అప్పట్నుంచే."

"ఎప్పట్నుంచి?"

"అప్పుడే అన్నానా! చెయ్యి అదిరితే తెలీదా? ఖాళీ అయిపోయిందనే అనుకున్నా అక్కా, అమ్మ తోడు. అందరూ కాలుస్తుంటే నేనూ ఊరికే ఎత్తా. దించుతుంటే పేలింది. నవ్వుతూనే ఉన్నా. పైన ఆవిడ పడిపోయింది, నేనింకా నవ్వుతూనే ఉన్నా. తర్వాత ఫెయాత్‌ని పట్టుకున్నారు. కింద పడేసి తన్నుతున్నారు. నేనేమనుకున్నానో చెప్పనా? బతికిపోయాను రా దేవుడా అనుకున్నా. సంతోషం వేసింది. మళ్లీ పాడమన్నా పాడేవాణ్ణి."

"ఛీ!"

"ఛీ అను. అను, పర్లేదు. మరి నువ్వు? ఆ కాపీలో నా చేతిలో మెరుపు లేదని చూసినప్పుడు నీకు సంతోషం వెయ్యలేదూ? చూడు నా మొహంలోకి. వెయ్యలేదూ?"

నెవెంకకి కోపం రావాలి. రాలేదు, అతనన్నది నిజం కాబట్టి.

"టేపు ఎక్కడుంది?" అన్నాడు.

కెమెరా బల్ల మీదే ఉంది, టేపు అందులోనే ఉంది. దాస్తే బాగుండేదని ఆమెకి అప్పుడు తోచింది.

"దీని మీద ఏదైనా ఎక్కించెయ్యి. ఏ బాప్తిజమో, ఏ గోడో. చెరిగిపోయిందని చెప్పు. నీ దగ్గర టేపులు చెరిగిపోవడం కొత్తా? కాపీ వాళ్ల దగ్గర ఉందిగా, చాలు వాళ్లకి."

"అతనికి పిల్లలున్నార్రా. పొద్దున వాళ్ళావిడ వచ్చింది. ఆ కుర్చీలోనే కూర్చుంది."

"నాకు అమ్మ ఉంది! నీకు లేదా అమ్మ? నేను లోపలికెళ్తే అది బతుకుతుందా?" రాదోష్ కెమెరా చేతిలోకి తీసుకున్నాడు. రికార్డు చేసే ఎర్ర బొత్తాం మీదకి బొటనవేలు వెళ్లింది. "నువ్వు చెయ్యకు. నేనే చేస్తా. నీకు పాపం రాదు."

నెవెంక అతని మణికట్టు పట్టుకుంది. రెండు చేతులతో పట్టుకున్నా ఆ చెయ్యి చుట్టూ వేళ్లు అందలేదు. లాగితే కెమెరాతో సహా లేచిపోయేలా ఉంది. చిన్నప్పుడు ఎవరు గెలిచేవారో, ఇప్పుడు ఎవరు గెలుస్తారో ఇద్దరికీ తెలుసు.

"అక్కా, నాకు భయమేస్తోందే," అన్నాడు మెల్లగా. "ఎంత భయమేస్తోందో నీకు తెలీదు. నిద్రలో కూడా చెయ్యి అదురుతోంది."

"నాకూ వేస్తోంది. వదులు."

కింద గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు. "అమ్మా నెవెంకా! ఈ మెట్లు కట్టినవాణ్ణి నేను అరెస్టు చేస్తాను చూడు!" లాజిచ్ గొంతు. చెప్పిన వేళకంటే బాగా ముందే వచ్చాడు.

రాదోష్ వేళ్లు వాటంతట అవే విడిపోయాయి. కెమెరా ఆమె చేతిలోకి వచ్చింది. అతను ఒక్క అంగలో వంటగదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. అంత పెద్ద శరీరం అంత చప్పుడు లేకుండా కదలడం ఆమె ఎప్పుడూ చూడలేదు. తెర మీద బొమ్మని ఆమె మూసేసిందో లేదో, లాజిచ్ రొప్పుతూ లోపలికి వచ్చి, కుర్చీలో కూలబడి మోకాలు నొక్కుకున్నాడు.

"వాన పడుతుంది రేపు. నా మోకాలు రేడియోకంటే నయం. అబ్బ, బురెక్ వాసన! నేనొస్తానని తెచ్చావా ఏంటి?"

"తినండి," అంది నెవెంక. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది.

ఆయన పొట్లం విప్పి తింటూనే సంచిలోంచి కాగితం తీశాడు. "ఇదిగో, ఇక్కడ సంతకం. ఆ టేపు ఇటివ్వు, కవర్లో పెడదాం. ఆ ట్రంపెట్‌వాడి లాయరు ఎవడో కుర్రవాడు, ఊరికే గోల పెడుతున్నాడు. డప్పు చప్పుడుని పట్టుకుని మూడో తూటా అంటాడు! నీ కాపీ ఉంది కాబట్టి బతికాం." తెరకేసి చూశాడు. "అదేంటి, నీలం గీత అలా ఆగిపోయింది?"

"కొత్త కాపీ... ఇంకోలా చేద్దామని. ఆగిపోతోంది."

"మెషీన్‌కి జబ్బు చేసినట్టుంది. వదిలెయ్యమ్మా, ఉన్నది చాలు. పెట్టు సంతకం."

కలం ఆమె చేతిలో పెట్టాడు. కాగితం మీద ఖాళీ గీత ఉంది. మెషీన్ నిజంగానే ఆగిపోయింది, ఆమె అబద్ధమాడలేదు. ఒక్క సంతకం పెడితే ఈయన మెట్లు దిగి వెళ్లిపోతాడు, తమ్ముడు వంటగదిలోంచి వస్తాడు, అమ్మ రాత్రికి చారు కాస్తుంది. వంటగది తలుపు కింద రాదోష్ బూట్ల నీడ కదలకుండా ఉంది. వాడు ఊపిరి బిగబట్టి వింటున్నాడు. కలం కాగితానికి ఆనింది. సిరా చుక్క పడింది.

"ఇది సగమేనండి," అంది నెవెంక.

"ఏది?"

"నేను మీకిచ్చింది. సగమే."

లాజిచ్ నమలడం ఆపాడు. ఆమె ఇంకేం చెప్పినా ఏడ్చేస్తుంది, లేకపోతే మాట మార్చేస్తుంది. అందుకని చెప్పడం మానేసి లేచింది. మూలన దుమ్ముకొట్టుకుని ఒక పాత డబ్బా టీవీ ఉంది. దానికి ఏ రెండరూ అక్కర్లేదు, ఏ మందూ అక్కర్లేదు. కెమెరా తీగ తెచ్చి దాని వెనక గుచ్చింది. మూడుసార్లు జారింది. టేపు వెనక్కి తిప్పింది. బ్యాండు మోగింది, ఆపిల్ రాలింది, ఫెయాత్ చెయ్యి నిటారుగా లేచింది. దువ్వెన పళ్లు లేవు, మసక లేదు. నిన్న తీసినట్టుంది బొమ్మ.

మిరపకాయల దండ పక్కన చిటుక్కున ఒక మెరుపు.

"ఆగాగు," అన్నాడు లాజిచ్. "వెనక్కి పోనీ."

వెనక్కి పోనిచ్చింది. ఒక్కొక్క బొమ్మగా జరిపింది. మెరుపు ఉన్నచోట ఆపింది.

లాజిచ్ కుర్చీ ముందుకి లాక్కుని చాలా సేపు చూశాడు. బురెక్ పట్టుకున్న చేతిని తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు. ఆయనకి ఊరంతా తెలుసు. చౌష్‌గా వెళ్లిందెవరో, వాడు ఎవరికేమవుతాడో కొత్తగా చెప్పాల్సిన పనేమీ లేదు.

"ఇది నాకెందుకు చూపించావమ్మా?" అన్నాడు చివరికి. గొంతులో కోపం లేదు, బతిమాలుతున్నట్టుంది. "సంతకం పెట్టుంటే వెళ్లిపోయేవాణ్ణి కదా."

ఆయన నిట్టూర్చి జేబులోంచి ఫోను తీశాడు. జైలుకి కాబోలు చేశాడు. "ఆ ట్రంపెట్‌వాణ్ణి రేపు ఎక్కడికీ పంపకండి. ఫెయాత్‌నయ్యా, ఇంకెవర్ని. వాళ్ళావిణ్ణి చూడనివ్వండి. ఆ, నేనే చెప్తున్నా."

వంటగది తలుపు తెరుచుకుంది. ఎవరూ పిలవలేదు. రాదోష్ మొహం కడుక్కున్నట్టున్నాడు, నీళ్లు చొక్కా మీద కారుతున్నాయి. లాజిచ్ లేవలేదు, కుర్చీలో కొంచెం పక్కకి జరిగాడంతే. రాదోష్ ఆయన్ని చూడలేదు. టీవీనే చూస్తున్నాడు.

డబ్బా టీవీ బొమ్మని ఆపితే రెండు సగాల్నీ ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తూనే ఉంటుంది, దానికి వేరే విద్య రాదు. తెర మీద రాదోష్ చెయ్యి పైకీ కిందికీ, పైకీ కిందికీ వణుకుతోంది. కిందికి దిగిన ప్రతిసారీ మెరుపు వెలుగుతోంది. మొహం మాత్రం నవ్వుతూనే ఉంది.

"అక్కా, దాన్ని ఆపవే," అన్నాడు.

"ఆపే ఉంచాన్రా," అంది నెవెంక.